కిటికీని దీపంగా చేసుకోండి: పిల్లల ఫొటోలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే ఇబ్బందిని ప్రస్తావించాయి. ఇంట్లో తీసిన పిల్లల ఫొటోలలో ముఖం నల్లబడుతోందని, పాలిపోతోందని, లేదా కళ్ళు జీవం లేనట్లు వస్తున్నాయని చాలామంది రాశారు. వీరిలో సగం మంది కొత్త కెమెరా కొనమంటారా అని కూడా అడిగారు. నా జవాబులు చదివాక ఆ ఆలోచన కొంతకాలం వాయిదా పడుతుందని ఆశిస్తున్నాను. కెమెరా మారినంత మాత్రాన ముఖం మీద పడే వెలుతురు మారదు.

ప్రశ్న: మా అమ్మాయికి నాలుగేళ్ళు. నా దగ్గర ఉన్నది ఫోను మాత్రమే. కిటికీ వెలుతురు మంచిదని విని, హాల్లో పెద్ద కిటికీ ముందు నిలబెట్టి తీశాను. కిటికీ తెల్లగా వెలిగిపోయింది, పిల్ల ముఖం నల్లగా వచ్చింది. పక్కకు తిప్పి తీస్తే ఒక చెంప వెలుగులో, ఇంకో చెంప చీకట్లో ఉంది. నేను చేస్తున్న పొరపాటు ఏమిటి? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: కిటికీ దగ్గరకు వెళ్ళడం సరైన పనేనమ్మా. కిటికీని ఫొటోలోకి రానివ్వడమే పొరపాటు. కిటికీని చూడవలసిన వస్తువుగా కాక, పాప ముఖానికి ఎదురుగా పెట్టిన పెద్ద దీపంగా అనుకోండి. దీపాన్ని ఎవరూ వీపు వెనుక పెట్టుకుని చదువుకోరు కదా. కిటికీ మీ భుజం పక్కన గాని, కొంచెం వెనుకగా గాని ఉండేట్లు మీరు నిలబడి, పాప ముఖం కిటికీ వైపు ఉండేట్లు చూసుకోండి. మొదట పూర్తిగా కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, తరువాత మీరు నెమ్మదిగా పక్కకు జరుగుతూ ఆమె ముఖాన్ని గమనించండి. వెలుతురు ముఖానికి ఏటవాలుగా, దాదాపు 45 డిగ్రీల కోణంలో పడేసరికి ముక్కు నీడ చిన్నదిగా ఒక పక్కకు వాలుతుంది, చెంపల గుండ్రదనం తెలుస్తుంది, రెండు కళ్ళలోనూ కిటికీ ప్రతిబింబం చిన్న తెల్లని చుక్కలాగా మెరుస్తుంది. ఫొటోగ్రాఫర్లు దీనిని క్యాచ్‌లైట్ అంటారు. ఈ చుక్క కనిపించకపోతే ఎంత అందమైన కళ్ళయినా ఫొటోలో వెలవెలబోతాయి. కాటుక పెట్టిన కళ్ళకు ఇది మరీ అవసరం, ఎందుకంటే కాటుక కంటి చుట్టూ ఉన్న వెలుతురును తినేస్తుంది. అందువల్ల మీట నొక్కే ముందు చూడవలసినది తెర కాదు, పిల్ల కళ్ళు.

ఎత్తు గురించి చాలామంది ఆలోచించరు. మన ఇళ్ళలో కిటికీ అడుగు సాధారణంగా నేల నుంచి మూడడుగుల ఎత్తున ఉంటుంది. నాలుగేళ్ళ పాప గోడ పక్కనే నేల మీద కూర్చుంటే కిటికీ వెలుతురు ఆమె తల మీదుగా వెళ్ళి ఎదుటి గోడ మీద పడుతుంది, ఆమె మాత్రం కిటికీ కింది నీడలో ఉండిపోతుంది. ఆమెను ఒక స్టూలు మీదో, దివాను మీదో కూర్చోబెట్టండి, లేదా గోడ నుంచి మూడు నాలుగు అడుగులు లోపలికి జరపండి. అయితే మరీ లోపలికి జరిపితే వెలుతురు వేగంగా తగ్గిపోతుంది. చిన్న దీపానికి దూరం రెట్టింపయితే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుందన్నది భౌతిక శాస్త్ర నియమం. కిటికీ పెద్దది కాబట్టి ఆ లెక్క అచ్చంగా వర్తించదు గాని, తగ్గుదల మాత్రం మన కళ్ళు గ్రహించే దానికంటే చాలా ఎక్కువగా ఉంటుంది. మన కళ్ళు చీకటికి అలవాటు పడిపోయి గది అంతా ఒకే వెలుగుగా ఉందని మనల్ని నమ్మిస్తాయి. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు.

ఇక చీకటిగా వచ్చిన రెండో చెంప సంగతి. స్టేషనరీ దుకాణంలో దొరికే తెల్లని థర్మోకోల్ షీటు ఒకటి తెచ్చి, పాపకు కిటికీ లేని వైపున, రెండడుగుల దూరంలో నిలబెట్టండి. అది కిటికీ వెలుతురును తిప్పి చీకటి చెంప మీదికి పంపుతుంది. థర్మోకోల్ లేకపోతే కుర్చీ వీపు మీద పరచిన తెల్లని దుప్పటి చాలు. షీటును ముందుకు, వెనుకకు జరుపుతూ నీడ ఎంత ఉండాలో మీరే నిర్ణయించుకోవచ్చు. నీడను పూర్తిగా తుడిచివేయవద్దని మాత్రం నా మనవి. నీడ అసలే లేని ముఖం కాగితం మీద అంటించిన బొమ్మలాగా ఉంటుంది. గోడలకు ఆకుపచ్చ, గులాబి రంగులు వేసిన గదులలో ఇంకొక చిక్కు ఉంది: గోడను తాకి వచ్చే వెలుతురు ఆ రంగును మోసుకొచ్చి చెంపకు పూస్తుంది. తెల్లని షీటు గోడకు, పాపకు మధ్య అడ్డంగా నిలిచి ఆ రంగును కూడా ఆపుతుంది.

కిటికీలోంచి ఎండ నేరుగా పడుతుంటే ఉతికిన తెల్లని పంచెను కిటికీకి అడ్డంగా కట్టండి. సూర్యుడు ఎంత పెద్దవాడైనా మన కంటికి అర డిగ్రీ వెడల్పు గల చిన్న బిళ్ళగానే కనిపిస్తాడు, చిన్న దీపం నుంచి వచ్చే నీడ ఎప్పుడూ కత్తితో కోసినట్లు పదునుగా ఉంటుంది. ఎండ పంచె మీద పడగానే పంచె మొత్తం దీపమవుతుంది, నీడల అంచులు మెత్తబడతాయి. ఫొటోగ్రఫీ పుస్తకాలలో ఉత్తరపు కిటికీ శ్రేష్ఠమని రాసి ఉంటుంది. అవి ఎక్కువగా చలి దేశాల వారు రాసినవి. అక్కడ సూర్యుడు పగలు ఎక్కువసేపు దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి ఆ మాట చెల్లుతుంది. మీ ప్రాంతంలో మే రెండో వారం నుంచి జులై నెలాఖరు వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు, ఉదయం, సాయంత్రం ఉత్తరపు కిటికీలోకి ఏటవాలు ఎండ కూడా వస్తుంది. అందువల్ల ఏ దిక్కు అని పుస్తకాన్ని అడగకుండా, ఒక ఆదివారం రెండు గంటలకొకసారి ఇల్లంతా తిరిగి ఏ కిటికీ దగ్గర ఎప్పుడు మెత్తని వెలుతురు ఉందో రాసిపెట్టుకోండి. మా ఇంట్లో ఆ జాబితా వంటగది తలుపు వెనుక అంటించి ఉంది.

ఫోను విషయంలో రెండు జాగ్రత్తలు చాలు. మొదటిది, లెన్సును మెత్తని గుడ్డతో తుడవండి. పిల్లలు పట్టుకున్న ఫోను లెన్సు మీద నూనె వేళ్ళ ముద్ర ఉంటే వెలుగు చుట్టూ పొగ కమ్మినట్లు వస్తుంది, దానిని వెలుతురు దోషమని మనం పొరబడతాం. రెండవది, తెర మీద పాప ముఖాన్ని తాకి కొంతసేపు నొక్కి ఉంచండి. చాలా ఫోనులలో ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుగుగా రావాలన్న కొలత) అక్కడ స్థిరపడి, పక్కన సూర్యుడి గుర్తు కనిపిస్తుంది. దానిని కిందికో పైకో జరిపి, నుదుటి మీద తెల్లగా పేలిపోయిన మచ్చ లేకుండా చూసుకోండి.

పాప చెప్పిన చోట కూర్చోదని మీ తరువాతి ఉత్తరంలో రాస్తారని నాకు తెలుసు. కూర్చోమని చెప్పకండి. వెలుతురు బాగున్న చోటును ముందే ఎంచుకుని, అక్కడ ఒక గిన్నెలో నీళ్ళు, రెండు గ్లాసులు, నాలుగు గవ్వలు పెట్టి, మీరు దూరంగా నేల మీద ఆమె కళ్ళ ఎత్తున కూర్చోండి. పిల్ల తానే వచ్చి వెలుతురులో కూర్చుంటుంది.

కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ 1863 చివరలో, 48 ఏళ్ళ వయసులో, కూతురు కానుకగా ఇచ్చిన కెమెరాతో ఇంగ్లండులో ఫొటోలు తీయడం మొదలుపెట్టింది. ఇంటి దగ్గరి కోళ్ళ గూడునే అద్దాల గదిగా మార్చి స్టూడియో చేసుకుంది. 1864 జనవరిలో తీసిన ఒక చిన్న పాప చిత్రాన్ని తన తొలి విజయంగా చెప్పుకుంది. ఆ గదిలో ఆమెకు ఉన్నది పగటి వెలుతురు ఒక్కటే. మీ హాల్లో ఉన్నదీ అదే వెలుతురు.

ప్రశ్న: మా బాబుకు ఏడు నెలలు, చామనచాయ. తెల్లని దుప్పటి మీద పడుకోబెట్టి తీస్తే ముఖం ఉన్నదానికంటే బాగా నల్లగా వస్తోంది. ఫోనులో బ్యూటీ మోడ్ పెడితే తెల్లబడుతున్నాడు గాని మా వాడిలా ఉండడం లేదు. దీనికి దారి ఏమిటి? (ఒక పాఠకుడు, నల్లగొండ)

జవాబు: మొదట బ్యూటీ మోడ్ తీసివేయండి. అది చర్మం మీది సన్నని మెరుపులను చెరిపి, చాయను మార్చి, ఎవరో ఇంకొక బిడ్డను మీకు చూపిస్తుంది. ఇరవై ఏళ్ళ తరువాత మీ అబ్బాయి తన పసితనాన్ని చూసుకోబోయే ఫొటో ఇది. ఆ చాయ అతనిది, అది అలాగే రావాలి. ఇందులో నేను రాజీ పడలేను.

ముఖం నల్లబడడానికి కారణం బాబు రంగు కాదు, దుప్పటి రంగు. ఎదురుగా ఉన్న దృశ్యమంతా కలిపితే మధ్యస్థమైన బూడిద రంగంత వెలుగు వస్తుందన్న అంచనాతో కెమెరా వెలుతురును కొలుస్తుంది. ఫ్రేములో ముప్పాతిక భాగం తెల్లని దుప్పటి ఉంటే, వెలుగు మరీ ఎక్కువగా ఉందనుకుని మొత్తం చిత్రాన్ని తగ్గిస్తుంది. దాంతో దుప్పటి బూడిదగా, ముఖం నల్లగా మారతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మూడింట రెండు వంతుల స్టాపు నుంచి ఒక స్టాపు వరకు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం) పెంచండి, లేదా ముందు జవాబులో చెప్పినట్లు ముఖాన్ని తాకి కొలత తీయండి. తెలుపుకు బదులు లేత గోధుమ రంగు దుప్పటి వాడితే సమస్య సగం తగ్గుతుంది. నల్లని శాలువా మీద పడుకోబెడితే ఇదే లెక్క తిరగబడి ముఖం పాలిపోతుంది.

చామనచాయ చర్మానికి ఇంకొక సుగుణం ఉంది. నుదురు, ముక్కు, చెంపల ఎత్తుల మీద మెత్తని మెరుపు తేలి ముఖాన్ని శిల్పంలాగా చూపిస్తుంది. ఆ మెరుపు రావాలంటే దీపం పెద్దదిగా ఉండాలి, అంటే కిటికీయే. బాబు తల కిటికీ వైపు, కాళ్ళు గది లోపలికి ఉండేట్లు పడుకోబెట్టండి. అప్పుడు వెలుతురు నుదుటి మీదుగా గడ్డం వైపు జారుతుంది. కాళ్ళు కిటికీ వైపు ఉంటే వెలుతురు గడ్డం కింది నుంచి పైకి వచ్చి, ముక్కు రంధ్రాలను వెలిగించి, పసిముఖాన్ని పెద్దవాళ్ళను భయపెట్టే ముఖంగా మారుస్తుంది. ఫొటో తీసే రోజు ముఖానికి నూనె, పౌడరు తగ్గించండి. దిష్టిచుక్క మాత్రం ఉండనివ్వండి.

ప్రశ్న: కొత్తగా కెమెరా కొన్నాను. దానితో ఉన్న చిన్న ఫ్లాష్ వేస్తే పిల్లల కళ్ళు ఎర్రగా, ముఖాలు జిడ్డుగా, వెనుక గోడ మీద నల్లని నీడతో వస్తున్నాయి. పైగా ఫ్లాష్ పసిపిల్లల కళ్ళకు హాని చేస్తుందని మా అత్తగారు అంటున్నారు. (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: మీ అత్తగారి ఆందోళనతో మొదలుపెడతాను. మామూలు కెమెరా ఫ్లాష్ ఆరోగ్యవంతులైన పిల్లల కళ్ళకు శాశ్వతంగా హాని చేస్తుందని రుజువు కాలేదు. అయినా ఆమె మాటలో న్యాయం ఉంది. పసిపిల్లకు అడుగు దూరం నుంచి మాటిమాటికీ ఫ్లాష్ వేయడం ఆ బిడ్డకు చికాకు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయినా, కంటి చికిత్సలో ఉన్న బిడ్డ అయినా డాక్టరును అడిగాకే వేయండి.

కళ్ళు ఎర్రబడడానికి కారణం ఫ్లాష్ లెన్సుకు మరీ దగ్గరగా ఉండడం. చీకటి గదిలో విప్పారిన కంటిపాపలోంచి వెలుగు లోపలికి వెళ్ళి, కంటి వెనుక రక్తనాళాలతో నిండిన పొరను తాకి, నేరుగా లెన్సులోకి తిరిగి వస్తుంది. గదిలో దీపాలన్నీ వేస్తే కంటిపాప చిన్నదై ఎరుపు కొంత తగ్గుతుంది. ఇక్కడ ఫొటోగ్రఫీతో సంబంధం లేని ఒక విషయం తప్పక చెప్పాలి. రెండు కళ్ళూ ఎర్రగా ఉంటే భయం లేదు. ఒక కంటిపాప మాత్రం తెల్లగా మెరుస్తూ, వేర్వేరు రోజుల ఫొటోలలోనూ అదే కంట్లో కనిపిస్తూ ఉంటే, ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించండి. ఫ్లాష్ పడిన కోణం వల్ల కూడా అలా రావచ్చు, కాబట్టి కంగారు పడవద్దు. కాని ఎక్కువగా అయిదేళ్ళ లోపు పిల్లలకు వచ్చే రెటినోబ్లాస్టోమా అనే రెటీనా క్యాన్సర్‌ను కొన్ని కుటుంబాలు మొదట ఇలాంటి ఫొటోలలోనే గుర్తించాయి. త్వరగా గుర్తిస్తే చికిత్స ఫలిస్తుంది.

ముఖం జిడ్డుగా, నీడ నల్లగా రావడానికి కారణం ఆ ఫ్లాష్ వేలెడంత ఉండడమే. దాని మీద టిష్యూ కాగితం కడితే వెలుగు తగ్గుతుందే గాని దీపం పెద్దది కాదు. తల తిప్పగలిగే విడి ఫ్లాష్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని, దానిని పిల్లల వైపు కాక సీలింగు వైపు, కొంచెం మీ వెనుకకు వాల్చి వేయండి. సున్నం వేసిన తెల్లని సీలింగు మొత్తం దీపమై, వెలుతురు మబ్బు పట్టిన ఆకాశం నుంచి వచ్చినట్లు దిగుతుంది. సీలింగుకు రంగు వేసి ఉంటే ఈ ఉపాయం పనికిరాదు, దగ్గరలోని తెల్లని గోడకు తిప్పండి. అదీ లేకపోతే పిల్లలను గోడ నుంచి కనీసం అయిదడుగులు ముందుకు తీసుకురండి. ముఖం మారకపోయినా వెనుక నల్లని నీడ ఫ్రేములోంచి తప్పుకుంటుంది.

ప్రశ్న: రింగ్ లైట్ కొనమంటారా? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: పిల్లల ఫొటోల కోసమైతే వద్దు. అది లెన్సు చుట్టూ ఉండి ముఖంలోని ఎత్తుపల్లాలన్నిటినీ చదును చేస్తుంది, కళ్ళలో గుండ్రని తెల్లని చక్రం కనిపిస్తుంది. పైగా స్టాండు మీద నిలబెట్టిన దీపం పాకే పిల్లల చేతికి అందితే మీద పడుతుంది. ఉన్న డబ్బుతో రెండు థర్మోకోల్ షీట్లు, ఒక తెల్లని పలుచని కర్టెను కొనండి.

ప్రశ్న: మా పాప పుట్టినరోజు మే మొదటి వారంలో. స్నేహితులందరూ మధ్యాహ్నం భోజనానికి వస్తారు. ఆరుబయట తీసిన ఫొటోలలో కళ్ళ స్థానంలో నల్లని గుంటలే కనిపిస్తున్నాయి. (ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: ఆ రోజులలో మీ ఊరిలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అనంతపురానికి ఇది ఏప్రిల్ చివరలో, హైదరాబాదుకు మే రెండో వారంలో, ఆదిలాబాదుకు మే మూడో వారంలో జరుగుతుంది. వెలుతురు నిట్టనిలువుగా పడినప్పుడు కనుబొమల నీడ కళ్ళ మీద, ముక్కు నీడ పెదవుల మీద పడడం తప్పదు. ఎండకు ఎదురుగా నిలబెడితే పిల్లలు కళ్ళు చికిలిస్తారు. అందువల్ల ఆ వేళ వారిని వసారా చూరు కిందికి, నీడ అంచుకు రెండడుగులు లోపలగా తీసుకురండి. ముఖాలు బయటి ఆకాశం వైపు ఉండాలి, మీరు ఎండ వైపు నిలబడాలి. అప్పుడు తల మీద చూరు ఉన్నందువల్ల పైనుంచి పడే వెలుగు ఆగి, ఎదుటి ఆకాశపు వెలుగే కళ్ళలోకి చేరుతుంది. వసారాలు, అరుగులు ఉన్న పాత ఇళ్ళు ఈ పనికి ఏ స్టూడియోకూ తీసిపోవు.

వేపచెట్టు నీడ చల్లగా ఉంటుంది గాని ఫొటోకు మోసం చేస్తుంది. సన్నని ఆకుల సందుల నుంచి పడే ఎండ చుక్కలు ముఖం మీద మచ్చలుగా వస్తాయి. చింతచెట్టూ అంతే. మామిడిచెట్టు వంటి దట్టమైన నీడ మేలు. నేలను కూడా చూడండి. మీ వైపు ఎర్రనేల ఎండను తిప్పికొట్టి గడ్డం కింద ఎరుపు పూస్తుంది, సిమెంటు వాకిలి అయితే శుభ్రమైన వెలుగునిస్తుంది. అందరూ కలిసిన ఫొటో ఒకటి మాత్రం సాయంత్రానికి ఉంచుకోండి. సూర్యాస్తమయానికి ముందు గంట ఎండ పక్క నుంచి మెత్తగా, బంగారు రంగులో వస్తుంది, పిల్లలు కళ్ళు తెరిచి చూడగలుగుతారు.

ప్రశ్న: భోగి సాయంత్రం మా మనవరాలికి భోగిపళ్ళు పోశాం. ఫొటోలన్నీ అలికినట్లు వచ్చాయి. ముఖం ఒక పక్క పసుపుగా, ఒక పక్క నీలంగా ఉంది. వచ్చే ఏడు ఆ తప్పు జరగకుండా ఏమి చేయాలి? (ఒక తాతగారు, రాజమహేంద్రవరం)

జవాబు: తాతగారూ, ఆ క్షణం ఏడాదికి ఒక్కసారే వస్తుంది కాబట్టి మీ బాధ నాకు అర్థమైంది. రెండు రంగులకు కారణం గదిలో రెండు రకాల దీపాలు ఉండడం. పసుపు బల్బు వెలుగు దాదాపు 3000 కెల్విన్లు (వెలుగు రంగును కొలిచే ప్రమాణం), తెల్లని ట్యూబ్‌లైట్ 6500 వరకు ఉంటుంది. కెమెరా ఒకదానికి సర్దుకుంటే రెండోది రంగు తప్పుతుంది. ఆ కాసేపు ఒకే రకం దీపాలు ఉంచి మిగిలినవి ఆర్పేయండి. తోరణానికి చుట్టిన రంగుల సీరియల్ బల్బులు ఉన్నా అవి పాప ముఖానికి దూరంగా, వెనుక ఉండాలి.

అలికినట్లు రావడానికి కారణం షటర్, అంటే కెమెరాలోకి వెలుగును వదిలే తలుపు, నెమ్మదిగా ఉండడం. అర మీటరు ఎత్తు నుంచి జారిన రేగుపండు తలను చేరేసరికి సెకనుకు సుమారు 3 మీటర్ల వేగం అందుకుంటుంది. షటర్ 1/100 సెకను తెరిచి ఉంటే ఆ లోపల పండు 3 సెంటీమీటర్లు కదులుతుంది, 1/500 అయితే 6 మిల్లీమీటర్లే. కాని రాత్రి వేళ ఇంటి దీపాల కింద 1/500కు చాలినంత వెలుతురు ఉండదు. దానికి తోడు మన కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మారుతుంది కాబట్టి పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. కంటికి అది తెలియదు, వేగమైన షటర్‌కు చారలుగా కనిపిస్తుంది. అందుకని ఆ దీపం కింద 1/100 పెట్టి, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచి, పాప ముఖం నిలకడగా ఉన్న క్షణంలో తీయండి. పళ్ళు, పూలరేకులు, చిల్లర నాణేలు గీతల్లాగా జారుతూ రావడం దోషం కాదు. ముఖం స్పష్టంగా ఉండి చుట్టూ రేగుపళ్ళు జారుతున్న ఫొటోయే నాకు ఎక్కువ ఇష్టం, పోస్తున్న సందడి అందులోనే తెలుస్తుంది.

ఇంటి ఆడవారు ఒప్పుకుంటే ఇంకా మంచి మార్గం ఉంది. పేరంటాన్ని సాయంత్రం అయిదు లోపల మొదలుపెట్టించి, పాప కుర్చీని వీధి గుమ్మానికి ఎదురుగా, తలుపులు బార్లా తెరిచి, గుమ్మం నుంచి నాలుగడుగుల లోపల వేయించండి. జనవరిలో ఆ వేళకు ఇంకా పొద్దు గుంకదు, అందుచేత ఆకాశపు వెలుగు గుమ్మంలోంచి లోపలికి వస్తుంది, షటర్ 1/250 దాటించవచ్చు. ముత్తైదువులను పాపకు రెండు పక్కలా, కొంచెం వెనుకగా నిలబడి పోయమని ముందే బతిమాలుకోండి. గుమ్మం వైపు ఒక్కరు నిలబడినా వారి నీడ పాప ముఖం మీద పడుతుంది. మీరు గుమ్మం పక్కన నేల మీద కూర్చుని, మొదటి దోసిలి పోయకముందే పాప ముఖం మీద కొలత తీసి ఉంచుకోండి.